పందిరి విప్పక ముందే రెండవ ప్రతి

మన నిడదవోలు పేరు చరిత్ర పుస్తకములలో నిలిచినది ఒక పెండ్లి వలన. 13వ శతాబ్దములో కాకతీయ రుద్రమదేవిని వివాహమాడిన చాళుక్య వీరభద్రుడు ఈ నిడదవోలును ఏలిన వంశమువాడు. ఆ వధూవరులు పందిటిలో ఎట్లున్నారో, ఇరువైపుల ఎవరెవరు కూర్చున్నారో చూపే బొమ్మ ఒక్కటి కూడ మనకు మిగలలేదు. నేటి సంగతి వేరు. రోజు కూలికి వెళ్ళే కుటుంబము సైతము, భోజనాల ఖర్చులో ఒక కూర తగ్గించుకొనియైనా సరే, ఫోటోగ్రాఫరును పిలుస్తున్నది. ప్రధానము మొదలుకొని సాగనంపే వరకు ఒక్కొక్క పెండ్లికి వేయి, రెండు వేలు ఫోటోలు తీస్తున్నారు.

అయితే ఒక మాట అడుగుదాము. పెండ్లి జరిగిన ఆ రాత్రి ఆ రెండు వేల ఫోటోలు ఎక్కడ ఉన్నట్లు? పెండ్లికుమార్తె ఇంట లేవు, పెండ్లికుమారుని ఇంట లేవు. ఫోటోగ్రాఫరు సంచిలో, 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల ఒక పలుచని బిళ్ళలో ఉన్నవి. దానినే మెమొరీ కార్డు అంటారు. రెండు గ్రాముల బరువు. ఆల్బమ్ రావటానికి రెండు మూడు నెలలు పడుతుందని మనము ఎదురు చూస్తాము గాని, ఆ మొదటి రాత్రి గురించి ఎవరమూ ఆలోచించము.

మా పాస్టరేటులోని కాలువగట్టు గ్రామమొకదానిలో కొన్నేండ్ల క్రితము జరిగిన సంగతి. పెండ్లికుమార్తె తాతగారు పక్షవాతముతో మంచము పట్టియున్నారు. మనుమలు నలుగురు ఆయనను కుర్చీతో సహా ఎత్తి మందిరమునకు తెచ్చారు. ఆయన వణికే చేతిని మనుమరాలి తలపై ఉంచి ఆశీర్వదించినప్పుడు కండ్లు చెమర్చనివారు లేరు. ఫోటోగ్రాఫరు ఆ క్షణమును చక్కగా తీశాడు. మరునాడు ఇంటికి వెళ్ళి కార్డును లాప్‌టాపులో పెడితే అది తెరుచుకోలేదు. రాజమండ్రి తీసుకొని వెళ్ళి బాగుచేయిస్తే సాయంత్రపు విందు ఫోటోలు వచ్చినవి గాని, ఉదయము మందిరములో తీసినవి రాలేదు. తాతగారు ఆ సంక్రాంతికి ముందే ప్రభువునందు నిద్రించారు. "డబ్బు తిరిగి ఇస్తానన్నాడండి అయ్యగారూ, మా నాన్నను ఎవరు తిరిగి ఇస్తారు?" అని పెండ్లికుమార్తె తల్లి అడిగిన మాటకు మా యొద్ద జవాబు లేకపోయినది.

ఆ ఫోటోగ్రాఫరు అశ్రద్ధ గలవాడు కాడు. కార్డు కూడ యంత్ర వస్తువే. ఎంత మంచిదైనను ఏదో ఒక రోజున మొరాయిస్తుంది. ఆ రోజు ఎవరి పెండ్లి రోజున వస్తుందో ముందుగా తెలియదు. కష్టమంతా ఎక్కడున్నదంటే, ఆ ఉదయమునకు ఉన్నది ఒకే ఒక ప్రతి.

ఇటువంటి నష్టము జరుగకుండ కాపాడగల పద్ధతి ఒకటి ఇప్పుడు మన ఊళ్ళలోని ఫోటోగ్రాఫరులకు కూడ అందుబాటులోనికి వచ్చినది. కెమెరాలో తీసిన ఫోటో తీసినట్లుగానే, తీగ లేకుండ, గాలిలో ప్రయాణించి, కొంత దూరములో బల్లమీద నున్న లాప్‌టాపులో చేరటమే ఆ పద్ధతి. దాని సంగతి మన కుటుంబములు తెలిసికొనుట మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తీగ నుండి గాలికి

ఫోటోను దూరమునకు పంపవలెనన్న ఆశ కొత్తది కాదు. 1935 జనవరి 1వ తేదీన అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ టెలిఫోను తీగల మీదుగా పత్రికలకు ఫోటోలు పంపటము మొదలుపెట్టినది. ఫిల్ము లేని కెమెరాను 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారు చేశాడు. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీద నమోదు చేయుటకు ఆ కెమెరాకు 23 సెకన్లు పట్టేది. అంతకు నాలుగేండ్ల ముందే, 1971 ఏప్రిల్‌లో, ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరునకు ఫైలు పంపే నియమావళిని మన భారతీయుడే వ్రాశాడు. కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి జట్టులో చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేసిన అభయ్ భూషణ్ ఆయన. ఆ నియమావళిని ఎఫ్.టి.పి. అంటారు. ఈనాడు పెండ్లి కెమెరా నుండి లాప్‌టాపుకు ఫోటో పంపేటప్పుడు చాలమంది వాడేది ఈ ఎఫ్.టి.పి. పద్ధతినే.

తీగ లేకుండ పంపే పరికరమును 2003లో నికాన్ సంస్థ తన డి2హెచ్ కెమెరాకు జోడించి తెచ్చినది. అది పత్రికా ఫోటోగ్రాఫరులు కొనగల ఖరీదు గలది. 2007లో ఐ-ఫై అను కార్డు వచ్చినది. కార్డులోనే వైఫై ఉండుటచేత, ఏ కెమెరాలో పెట్టినను ఫోటోలను గాలిలో పంపేది. 2012లో కెనాన్ సంస్థ తన 6డి కెమెరా లోపలనే వైఫై అమర్చినది. ఆ తరువాత మధ్య తరగతి కెమెరాలకు కూడ ఆ సదుపాయము వచ్చినది. మన ప్రభుత్వము 2005లో 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను, 2018లో 5 గిగాహెర్ట్జ్ తరంగములను లైసెన్సు అవసరము లేకుండ తక్కువ శక్తితో వాడుకొనుటకు అనుమతించినది. గనుకనే ఈరోజున ఎవరి అనుమతి అడగకుండ ఫంక్షన్ హాలులో ఒక వైఫై పెట్టె పెట్టుకొని పని చేసుకొనగలుగుచున్నారు.

కాలువ నీళ్ళ వంతులు

ఇది పనిచేసే విధము మన డెల్టా రైతులకు చెప్పుట చాల సులువు. ఫోటోగ్రాఫరు తన వెంట చిన్న రౌటర్ పెట్టె ఒకటి తెచ్చుకుంటాడు. పవర్ బ్యాంకు మీద కూడ అది నడుస్తుంది. ఆ పెట్టె కాలువ వంటిది. కెమెరా ఒక గట్టున, లాప్‌టాపు మరొక గట్టున ఉంటాయి. లాప్‌టాపునకు ఒక అంకెల చిరునామా ఇచ్చి, ఆ చిరునామాను, పాస్‌వర్డును కెమెరాలో ముందుగానే నమోదు చేస్తారు. ఆ తరువాత కెమెరా మీట నొక్కినప్పుడెల్లా ఫోటో కార్డులో చేరుతుంది. దాని నకలు గాలిలో వెళ్ళి లాప్‌టాపులోని ఒక ఫోల్డరులో వాలుతుంది. దీనికి ఇంటర్నెట్ అవసరము లేదు. సెల్ టవరు అందని లంక గ్రామములో కూడ ఇది జరుగుతుంది.

దాళ్వాలో నీరు వంతులవారీగా వస్తుందని మనకు తెలుసు. పై చేనువాడు తోడుకొనుచుండగా క్రింది చేనువాడు ఆగవలెను. వైఫై కూడ అంతే. ఒకే మార్గములో ఒక సమయమున ఒక్కరే మాట్లాడవలెను, తక్కినవారు ఆగి వంతు కొరకు కనిపెట్టవలెను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని మార్గములు మూడే యున్నవి. అయిదు వందలమంది అతిథులు, అయిదు వందల సెల్‌ఫోనులు ఉన్న హాలులో ఆ మూడు కాలువలు ఎంత ఇరుకో ఊహించుకొనవచ్చును. 5 గిగాహెర్ట్జ్‌లో మార్గములు ఎక్కువ గనుక రద్దీ తక్కువ. కాని ఆ తరంగములు గోడలను దాటుటలో బలహీనమైనవి. మనుష్య శరీరములోని నీరు కూడ ఈ తరంగములను పీల్చివేస్తుంది. అందుచేత అనుభవముగల ఫోటోగ్రాఫరు రౌటరును బల్లక్రింద పెట్టడు. స్టాండు మీద, జనము తలలకు పైగా, వేదికకు ఎదురుగా పెడతాడు.

లెక్క వేసి చూద్దాము

గాలిలో పంపుట బాగున్నది గదా అని అన్నీ పంపబోతే తెల్లవారుతుంది. మంచి కెమెరా ఒక ఫోటోను రెండు విధములుగా వ్రాయగలదు. ఒకటి రా ఫైలు. ఇది పిండి పిసికి పెట్టుకొన్న ముద్ద వంటిది, తరువాత ఏ రూపమైనను చేసికొనవచ్చును. దీని బరువు సుమారు 30 మెగాబైట్లు ఉంటుంది. రెండవది జెపెగ్, కాల్చి సిద్ధముగా ఉంచిన రొట్టె వంటిది. దీనిని చిన్న కొలతలో తీసికొంటే సుమారు 3 మెగాబైట్లే ఉంటుంది.

హాలులోని రద్దీలో మన వైఫై సెకనుకు 20 మెగాబిట్లు మోయగలదనుకొందాము. ఒక మెగాబైటుకు 8 మెగాబిట్లు. కావున 30 మెగాబైట్ల రా ఫైలుకు 12 సెకన్లు కావలెను. రెండు వేల ఫోటోలకు 24,000 సెకన్లు, అనగా 6 గంటల 40 నిమిషములు. అదే 3 మెగాబైట్ల జెపెగ్ అయిన యెడల 1.2 సెకను చాలును. రెండు వేలకు 40 నిమిషములు మాత్రమే. దినమంతా తీసే ఫోటోల మధ్యలో ఆ 40 నిమిషములు ఎప్పుడు గడిచినవో కూడ తెలియదు.

అందుచేత తెలివిగలవారు పెద్ద ఫైలును కార్డులో ఉంచి, చిన్న నకలును గాలిలో పంపుతారు. చిన్నది గదా అని చులకన చేయనక్కరలేదు. 3,000 చుక్కల పొడవు, 2,000 చుక్కల వెడల్పు గల ఫోటోను అంగుళమునకు 250 చుక్కల చొప్పున ముద్రిస్తే 12 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పు వస్తుంది. ఆల్బములో ఒక నిండు పేజీకి అది చాలును. పైన చెప్పిన తాతగారి ఫోటో అటువంటి చిన్న నకలుగా లాప్‌టాపులో చేరియున్న యెడల, ఆ ఇంటి గోడమీద ఈరోజున చట్రములో నవ్వుచుండెడిది.

వెంటనే చూచుటలో మేలు

రెండవ ప్రతితోపాటు మరొక మేలు కూడ కలదు. లాప్‌టాపు యొద్ద కూర్చున్న సహాయకుడు ప్రతి ఫోటోను పెద్ద తెరమీద చూస్తాడు. కెమెరా వెనుకనున్న మూడంగుళముల తెరమీద కనబడని దోషము అక్కడ కనబడుతుంది. ఈ మధ్య ఒక పెండ్లిలో మేము కండ్లార చూచితిమి. రెండు కుటుంబములు కలిసి దిగిన ఫోటోలో నాయనమ్మ కండ్లు మూసికొన్నది, వెనుక వరుసలో నున్న మేనమామ ముఖము పూలదండ చాటున పడినది. ఆ పిల్లవాడు లాప్‌టాపు యొద్ద నుండి చేయి ఊపి ఫోటోగ్రాఫరునకు సైగ చేశాడు. బంధువులు భోజనములకు కదలక ముందే మరల నిలువబెట్టి తీశారు. నెల తరువాత ఆల్బమ్ కూర్చునప్పుడు ఆ దోషము తెలిసియున్న యెడల, ఆ వరుసను మరల ఎవరు నిలువబెట్టగలరు? అందులో ఇద్దరు గల్ఫ్ దేశమునకు తిరిగి వెళ్ళిపోయియుందురు.

తీగతో కూడ ఈ పని చేయవచ్చును. తీగ వేగమైనది, నమ్మకమైనది. ఒకచోట నిలిచి వరుసగా ఫోటోలు తీయునప్పుడు అదే మేలు. కాని మందిరపు నడవలో అయిదు మీటర్ల తీగ పరచి ఉంచితే, పెండ్లికుమార్తె కాలికో, పరుగెత్తే పిల్లల కాలికో చిక్కుతుంది, కెమెరా, లాప్‌టాపు రెండును క్రిందపడతాయి.

రెండు ప్రతులు అను పాత జ్ఞానము

సంఘ కాపరులముగా మేము ప్రతి పెండ్లిలో చేయు పని ఒకటి ఇక్కడ చెప్పవలసియున్నది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము, లైసెన్సుగల బోధకుడు వివాహము జరిపిన వెంటనే దానిని రెండు ప్రతులలో నమోదు చేయవలెను. ఒకటి రిజిస్టరులో నిలుచును. దానికి అంటియున్న రెండవ ప్రతిని విడదీసి వివాహ రిజిస్ట్రారునకు పంపవలెను. ఆ నియమములో మూడు సంగతులు గమనించండి. ప్రతులు రెండు ఉండవలెను. వెంటనే వ్రాయవలెను. అవి రెండు వేరువేరు చోట్ల ఉండవలెను. మందిరము వరదలో మునిగినను కార్యాలయములో ప్రతి నిలుచును. కాగితము, సిరా తప్ప మరొకటి లేని దినములలో పెద్దలు కట్టిన కట్టడ ఇది.

పెండ్లి ఫోటోలకు కూడ ఇదే కొలత పెట్టి చూడండి. కొన్ని కెమెరాలలో కార్డులు పెట్టే అరలు రెండు ఉంటాయి, ఒకే ఫోటోను రెండింటిలోను వ్రాస్తాయి. మంచిదే. దానికి వైఫై కూడ అక్కరలేదు. కాని రెండు కార్డులును ఒకే కెమెరాలో ఉన్నవి. కెమెరా దొంగిలింపబడినను, కాలువలో పడినను రెండును పోతాయి. వైఫై ద్వారా లాప్‌టాపులో చేరిన ప్రతి వేరొక యంత్రములో ఉన్నది గనుక మరింత భద్రము. అయినను రాత్రి పన్నెండు గంటలకు కెమెరా సంచి, లాప్‌టాపు సంచి ఒకే మోటారు సైకిలు మీద ఎక్కి వెళ్ళిన యెడల, మూడవ సంగతి ఇంకను నెరవేరలేదు. గనుక పందిరి విప్పక ముందే, లాప్‌టాపులో చేరిన ఫోటోలను ఒక పెన్‌డ్రైవులోనో, చిన్న హార్డ్ డిస్కులోనో ఎక్కించి ఇమ్మని ఇంటి పెద్ద అడుగవలెను. అది పెండ్లివారింటి బీరువాలో ఉండవలెను. ఇంత చేసిన తరువాత ఇక కార్డు చెడినను పెండ్లి పోదు.

మాట్లాడుకొనే రోజున అడుగవలసినవి

ఫోటోగ్రాఫరుతో బేరము చేయునప్పుడు మనము ఎన్ని పేజీల ఆల్బము, డ్రోను ఉన్నదా, ఎల్.ఇ.డి. తెర ఎంత పెద్దది అని అడుగుతాము. వాటితోపాటు మరి మూడు అడుగుదాము. పెండ్లి జరుగుచుండగానే ఫోటోల రెండవ ప్రతి ఎక్కడ చేరుతుంది? ఆ రాత్రి మా చేతికి ఒక ప్రతి ఇస్తారా? మాకు ఆల్బము అందేవరకు కార్డులను చెరిపివేయక ఉంచుతారా?

ఇట్లు అడుగునప్పుడు చిన్న ఫోటోగ్రాఫరులను తక్కువ చేయకూడదు. అందరి కెమెరాలలోను ఎఫ్.టి.పి. సదుపాయము ఉండదు. అట్టివారు కెమెరా సంస్థలు ఉచితముగా ఇచ్చే ఆప్ ద్వారా చిన్న ఫోటోలను తమ సెల్‌ఫోనులోనికి దించుకొనవచ్చును. అదియు కుదరనియెడల, భోజనముల సమయములో కార్డు తీసి లాప్‌టాపులో నకలు చేసికొనవచ్చును. వైఫై నడుచుచుండగా కెమెరా బ్యాటరీ త్వరగా అయిపోతుంది గనుక అదనపు బ్యాటరీలు కావలెను. సహాయకుడు కావలెను, అతనికి కూలి కావలెను. భద్రత కోరేవారు దానికి తగిన వెల ఇచ్చుటకు కూడ సిద్ధపడుట న్యాయము. పెద్ద తెర ఒక్కటి తగ్గించుకొంటే ఆ ఖర్చు అందులోనే సరిపోతుంది.

ఒకవేళ కార్డు తెరుచుకొనకపోతే, ఆ కార్డులో మరొక్క ఫోటో కూడ తీయకూడదు, ఫార్మాటు చేయకూడదు. వెంటనే తీసి ప్రక్కన పెట్టవలెను. పోయినదనుకొన్న ఫోటోలు చాలసార్లు అందులోనే ఉంటాయి. వాటి మీద క్రొత్తవి వ్రాయనంతకాలము ఫోటోరెక్ వంటి ఉచిత సాధనములతో కొన్నింటినైనను తిరిగి తీయుటకు వీలుండును.

గాలిలో వెళ్ళేదానికి కాపలా

గాలిలో వెళ్ళే ఫోటోను దారిలో ఇతరులు తీసికొనకుండ కాపలా ఉండవలెను. రౌటరునకు గట్టి పాస్‌వర్డు పెట్టవలెను. ఆ పాస్‌వర్డును అతిథులకు ఇవ్వకూడదు. హాలు వారి వైఫై మీద పని నడుపుట మంచిది కాదు. సాధారణ ఎఫ్.టి.పి. పాస్‌వర్డును దాచకుండ పంపుతుంది గనుక, కెమెరాలో ఉన్న యెడల ఎఫ్.టి.పి.ఎస్. అను భద్రమైన రకమును ఎంచుకొనుట మేలు.

మరొక సంగతి తల్లిదండ్రులు ఆలోచించవలెను. ఈ మధ్య తీసిన ఫోటోలు నిమిషములలో తెరమీదికి ఎక్కుచున్నవి. అతిథులు తమ ముఖము చూపితే వారి ఫోటోలను వెదకి ఫోనుకు పంపే ఏర్పాటులు కూడ వచ్చినవి. వేడుకగానే ఉంటుంది. కాని అలంకరణ గదిలో తీసినవి, చిన్నపిల్లల ఫోటోలు, ఆడపిల్లలు తెలియక దిగినవి ఎవరి చేతికి పోవుచున్నవో చూడవలెను. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి అంచెలంచెలుగా అమలులోనికి వచ్చుచున్నవి. పద్దెనిమిది ఏండ్లలోపు పిల్లల సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని ఆ చట్టము చెప్పుచున్నది. చట్టము మాట అటుంచి, ఇంటి పెద్ద ఒకరు లాప్‌టాపు యొద్ద నిలిచి "ఇది తెరమీదికి వద్దు" అని చెప్పగలిగితే చాల ఇబ్బందులు ఆగిపోతాయి.

చివరకు నిలిచేది

యంత్రములు మారుచుండును. పైన చెప్పిన ఐ-ఫై కార్డులకు 2016లో ఆ సంస్థయే సేవలు నిలిపివేసినది. నేటి పెన్‌డ్రైవు మన మనుమల కాలమునకు తెరుచుకొనునో లేదో! హైదరాబాదులో ఆరవ నిజాం కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉండిన రాజా దీన్‌దయాళ్ 1905లో చనిపోయారు. ఆయన తీసిన గాజు పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రమునకు 1989లో చేరినవి. ఎవరో వాటిని జాగ్రత్తగా దాచియుంచుట వలననే అవి నిలిచినవి.

గనుక రెండు వేల ఫోటోలలో నుండి ఇరువది ఏరి కాగితము మీద ముద్రించి, ఎవరెవరో వెనుక పేర్లు వ్రాసి పెట్టుకొనండి. ఫలానా మామ్మ, ఫలానా చిన్నాన్న, ఫలానా సంవత్సరము అని వ్రాయుటకు ఒక పెన్సిలు చాలును. ఈ వేసవి ముహూర్తములకు పెండ్లి పెట్టుకొన్న ఇండ్లవారు పందిరివారితో, వంటవారితో మాట్లాడే రోజుననే ఫోటోగ్రాఫరుతో కూడ ఈ రెండవ ప్రతి సంగతి తేల్చుకొనవలెనని మా మనవి. ఆ దినమున మన మధ్య కూర్చున్న పెద్దలు మరల ఒక పెండ్లికి వస్తారో రారో మనకు తెలియదు.